పాత పరుగు చప్పుడు

ఆ ఇంట్లో మరిది పరిగెడతాడు, వదిన కూర్చుంటుంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, చెవులకు హెడ్‌ఫోన్లు. పొద్దున అతని పరుగు అయ్యాక కూర్చుందంటే, మొగుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా ఆ కుర్చీ దిగదు. మరిదిని అందరూ గుర్రం అంటారు. దూరపు పరుగు పందేల మనిషి. అతని వీడియో ఛానల్‌కి కర్తా కర్మా క్రియా అన్నీ ఆవిడే. అతని చొక్కాకి మైకు తగిలించి స్కూటర్ మీద వెంటపడి తీసేదీ ఆవిడే, కత్తిరించి అతికించేదీ ఆవిడే.

మొదట్లో ఆ ఛానల్‌ని చూసే నాథుడు లేడు. పాటలు పెట్టింది, మెరుపులు పెట్టింది, ఊహూఁ! ఒకరోజు పాట పెట్టడం మరిచిపోయి గంట పరుగును ఉన్నదున్నట్టు వదిలేసింది. అడుగుల చప్పుడు, ఊపిరి, మధ్యలో ఒక దగ్గు. అంతే, జనం విరగబడ్డారు. 'ఇది వింటూ బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను' అని ఒకామె రాసింది. రెండేళ్లుగా మంచం దిగని ఒకాయన, 'ఈ గంటసేపూ నాకూ కాళ్లున్నాయి' అని రాశాడు. పైగా గుర్రం గొప్పలు పోయే రకం కాదు. పరుగు సరిగ్గా సాగకపోతే కెమెరా ముందే చెమట తుడుచుకుని, "ఇవాళ కాళ్లు నా మాట వినలేదండీ, ఏం చేస్తాం" అనేసేవాడు. గెలిచేవాళ్లను చూడాలంటే పందెం రోజు చాలు. చేతకాని మంగళవారాన్ని ఎవరు చూపిస్తారు చెప్పండి?

వేరే ఊళ్లో ఉండే కోచ్ కూడా ఆ వీడియోలు వినే అతని పరుగు అంచనా కట్టేవాడు. "కాలు చూస్తే మోసపోతాం, చప్పుడు వింటే దొరికిపోతుంది" అనేవాడాయన.

జట్టు ఎంపిక పందెం నెల ఉందనగా ఆమె చెవికి ఆ చప్పుడు తేడా కొట్టింది. ఎడమ అడుగు ధన్‌మని పడుతోంది, కుడి అడుగు భయపడుతూ పడుతోంది. కుర్చీ మరిది వైపు తిప్పింది.

"అబ్బాయ్, కుడికాలికేమైంది?"

"ఏం లేదు."

"నా చెవులకా చెప్తున్నావ్ అబద్ధం?"

అతను ప్యాంటు పైకి లాగి మోకాలి కింద ఎముక చూపించాడు. వేలు ఆనించగానే పళ్లు బిగబట్టాడు. "వదినా, నాకు ఇరవై తొమ్మిదొచ్చాయి. ఇదే ఆఖరిసారి. కోచ్‌కి తెలిస్తే ఆపేస్తాడు. నీ కాళ్లు పట్టుకుంటా, ఈ ఒక్క నెలా ఆ చప్పుడు బయటికి పోనీకు."

మర్నాడు పాట పెట్టి కప్పేసింది. చూసేవాళ్లు ఊరుకుంటారా? 'అడుగులేవీ?' అని ఒకటే గోల. అప్పుడావిడ ఓ పాపిష్టి పని చేసింది. ఆరు నెలల కిందటి పరుగు చప్పుడు తీసి, కొత్త వీడియో కింద అడుగుకు అడుగు కలిపి అతికించింది. ఎంత నేర్పుగా అతికిందంటే ముందు తనకే ముచ్చటేసింది, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యమేసింది.

మూడు వారాలు అలాగే నెట్టుకొచ్చారు. పందెం ఎనిమిది రోజులుందనగా కోచ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మనవాడి అడుగు గడియారంలా పడుతోంది! ఇంత బాగున్నప్పుడు వదలకూడదు. రేపు పది కిలోమీటర్లు, పూర్తి వేగంతో పరిగెత్తమను."

ఆమె అతికించిన చప్పుడే పది కిలోమీటర్లయి కూర్చుంది. చెప్తే వాడి ఆశ పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎదురుగా గుర్రం వద్దు వద్దన్నట్టు తల ఊపుతూ రెండు చేతులూ జోడించాడు. ఆ చేతుల్ని చూస్తూనే, "మాస్టారూ, మీరు వింటున్నది పాత చప్పుడు" అంది.

స్కాన్‌లో సన్నని పగులు కనిపించింది. ఆరు వారాలు కాలు కింద మోపకూడదన్నాడు డాక్టర్. పరిగెడితే విరిగేదా అని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. "విరగొచ్చు, విరక్కపోనూవచ్చు" అన్నాడాయన. ఆ మాటే ఆవిడ ప్రాణం తోడేస్తోంది. విరిగేదేనమ్మా అని ఆ మహానుభావుడు ఒక్క మాట అంటే ఏం పోయింది?

గుర్రం ఆమెతో మాట మానేశాడు. ఉన్నవే రెండు గదులు, తప్పుకోవడానికి చోటేదీ? భోజనం దగ్గర అన్నతో మాట్లాడతాడు, ఆమె పళ్లెం పెడితే గోడకేసి చూస్తాడు. అతను లేకుండానే పందెం అయిపోయింది. మర్నాడు ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఒక్కడే ఏదో మాట్లాడాడు. చేతికర్రల మీద వచ్చి ఆ ఫోన్ ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కత్తిరించేది ఆవిడే కదా మరి.

ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. "మూడు వారాలుగా మీరు విన్న అడుగులు పాతవండీ. అలా చెయ్యమని అడిగింది నేనే. కోచ్‌కి చెప్పేసింది మా వదిన. మంచి పనే చేసిందంటున్నారు అందరూ. నేను మాత్రం క్షమించలేకపోతున్నాను."

ఆమె ఒక్క ముక్క కొయ్యకుండా దాన్ని ఛానల్‌కి ఎక్కించేసింది. ఎక్కించాక కూడా కుర్చీ దిగలేదు. 'మా వదిన' అన్నచోటికి వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నది. ఆ మాట అతని నోట విని తొమ్మిది రోజులైంది.