రోసియా మాత్రలు

తాగని మనిషికి తాగుబోతుల జబ్బు ఎందుకొస్తుంది? ఈ ప్రశ్న నా బుర్ర తినేసింది. మా వదిన రోసియా జన్మలో కల్లు చుక్క ముట్టలేదు. మా అన్నయ్య రోజూ పాట పాడుతూ కొబ్బరిచెట్టెక్కి కల్లు గీస్తాడు. ఆవిడ పొద్దుటి తియ్యటి నీరా పిల్లలకు పోసి, మిగిలింది పులియక ముందే ఇసుకలో పారబోస్తుంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, తాగొచ్చిన వాళ్లని కంటిచూపుతోనే బయటికి పంపేస్తుంది. అలాంటి మనిషికి నలభై ఆరో ఏట పొట్ట ఉబ్బి, కాళ్లు నీరుపట్టి, కళ్లు పచ్చబడ్డాయి.

మా దీవి బేసియోలో ఇళ్లకు గోడలుండవు, మాటలకూ అడ్డుండదు. "గీసేవాడి పెళ్లాం కదా, చాటుగా లాగించి ఉంటుందిలే" అని పక్కింట్లో అనుకోవడం మా ఇంట్లోకి వినబడింది. నాకు ఒళ్లు మండి, "వచ్చి మా కుండలు వాసన చూసుకోండే!" అని అరిచాను. రోసియా మాత్రం చాప అల్లుతూ తలెత్తలేదు.

క్లినిక్‌లో డాక్టరు తౌరా మా దీవుల కుర్రాడే. రక్తం తీశాడు, పొట్ట మీద యంత్రం పెట్టి చూశాడు, రెండు వారాలకు మళ్లీ పిలిచాడు.

"లివర్ గట్టిపడిపోయిందత్తా. సిరోసిస్ అంటాం" అన్నాడు రోసియాతో.

"అది తాగేవాళ్లకి కదయ్యా!" అన్నాను నేను.

"వాళ్లకే రావాలని లేదు. లివర్‌కి ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ తగిలితే మచ్చలు పడతాయి. ఆ దెబ్బ కొట్టేది కల్లు కావచ్చు, కొవ్వు కావచ్చు, వైరస్ కావచ్చు. ఈవిడకి హెపటైటిస్ బి వైరస్."

నా మోచేతి మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఉంది. అది చూపించి, "ఇలాంటి మచ్చలేనా?" అని అడిగాను.

"అచ్చం అలాంటివే. అక్కడ వెంట్రుక మొలుస్తుందా? లివర్‌లోనూ అంతే, మచ్చపడ్డ చోట పని జరగదు. రక్తానికి దారి ఇరుకైపోతుంది. అందుకే పొట్టలో నీరు."

"మరి ఆ వైరస్ దీనికెక్కడ అంటుకుంది?"

అతను నాకు జవాబివ్వకుండా రోసియాని అడిగాడు. "మీ అమ్మ ఎలా పోయిందత్తా?"

"కళ్లు పచ్చబడి" అంది రోసియా. "నాకప్పుడు పదేళ్లు. ఊళ్లో ఒక పెద్దావిడ చేతబడి చేసిందన్నారు."

"కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండా లోపల కూర్చుంది. ఇప్పుడు పుట్టిన రోజే పిల్లలకి సూది వేస్తున్నది అందుకే."

రోసియా ఏడ్చింది. జబ్బుకి కాదట, ముప్పై ఆరేళ్లుగా ఆ పెద్దావిణ్ణి మంత్రగత్తె అని తిట్టుకున్నందుకట. నాకు మాత్రం ఇంకా ప్రశ్నలున్నాయి. "ఆ మచ్చలు పోతాయా?"

"పాతవన్నీ పోవు. కొత్తవి పడకుండా ఆపొచ్చు. మిగిలిన మంచి భాగంతో బతకొచ్చు. ఉప్పుచేప మానాలి, నీరు తగ్గడానికి మాత్రలిస్తాను, గడ్డలేమైనా లేస్తున్నాయేమో ఆర్నెల్లకోసారి చూస్తాను. అన్నిటికన్నా ముఖ్యం వైరస్ మాత్ర. రోజుకొకటి, ఒక్కరోజు మానినా ఊరుకోను. మధ్యలో ఆపితే వైరస్ ఎగబడి ఉన్న లివర్ని కూడా పాడుచేస్తుంది. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఐదు నెలల్లో పొట్ట తగ్గింది, కళ్లు తేటపడ్డాయి, రోసియా మళ్లీ చాపలు మొదలుపెట్టింది. అబైయాంగ్ దీవి అల్లిక ఆవిడది, మా వైపు అంత సన్నగా ఎవరూ అల్లలేరు. కానీ ఒక్క చాపా ఇంట్లో నిలవదు. బంధువెవరైనా వచ్చి బుబుసి అడిగితే, అంటే నోరు తెరిచి ఇమ్మంటే, మా దగ్గర లేదనడం ఉండదు. కాదన్నవాళ్లకి నలుగురిలో తల ఎత్తుకునే దారి ఉండదు.

ఆరో నెలలో కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి.

"మాత్రలు మానేశావా అత్తా?" అన్నాడు డాక్టరు, రక్తం కాగితం చూసి. రోసియా తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "వదినా, నా కళ్లలోకి చూసి చెప్పు."

"తెబోరా బుబుసి అడిగింది" అంది నేలచూపులు చూస్తూ. "ఇయోతెబాకి పొట్ట ఉబ్బిందంట. నాకు తగ్గింది కదా అని అడిగింది. సగం ఇచ్చా. నేను రోజు విడిచి రోజు వేసుకుంటున్నా."

ఇయోతెబా ఆవిడ పినతల్లి కొడుకు, తెబోరా అతని భార్య. మధ్యాహ్నం కల్లుతో మొదలుపెట్టి పడిపోయేదాకా తాగుతాడు. నాకు కోపం నషాళానికంటింది. మళ్లీ క్లినిక్‌కి పరుగెత్తి అడిగాను. వైరస్ లేకపోతే ఆ మాత్ర అతనికి మట్టితో సమానమన్నాడు తౌరా. కల్లు మానడమే అతనికి మందు, ముందు రక్తం చూపించుకోమను, వైరస్ ఉంటే అతని మాత్రలు అతనికే వేరుగా ఇస్తానన్నాడు.

ఇక ఇవ్వొద్దని రోసియాకి చెప్పి లాభం లేదు. తెబోరా మళ్లీ అడుగుతుంది, ఈవిడ మళ్లీ ఇస్తుంది. దారంతా అదే ఆలోచించి, ఇంటికి రాగానే ఎదురుగా కూర్చున్నాను.

"వదినా, నిన్ను బుబుసి అడుగుతున్నా. నీ వైరస్ మాత్రలన్నీ నాకియ్యి."

తెల్లబోయింది. తర్వాత నవ్వు ఆపుకోలేక పోయింది. "దొంగముండా!" అని సీసా నా ఒళ్లో పడేసింది. ఆరోజు నుంచి అవి నావి. పొద్దున్నే ఒకటి తెచ్చి, వేసుకునేదాకా నిలబడేదాన్ని. ఎవరడిగినా ఆవిడ నిజంగానే లేవని చెప్పొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు వారాలకు తెబోరా వచ్చింది. రోసియా దగ్గరికి కాదు, తిన్నగా నా దగ్గరికే.

"అక్కా, బుబుసి. ఆ మాత్రలు నాకియ్యి. ఆయన లేవలేకపోతున్నాడు."

ఇది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. యాభై మూడేళ్లలో నేను ఎవరికీ లేదనలేదు. గోడల్లేని నాలుగిళ్లలో చప్పుళ్లు ఆగిపోయాయి.

"ఇవ్వను" అన్నాను. "క్లినిక్‌కి తోడు రమ్మని అడుగు, ఇప్పుడే వస్తా. అతన్ని మోసుకురమ్మని అడుగు, మోస్తా. మాత్ర మాత్రం ఇవ్వను."

తెబోరా నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెనక్కి తిరిగితే రోసియా ఏడుస్తోంది. "మా వాళ్ల ముందు నా ఇంటి పరువు తీశావు" అంది.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మూడు రోజులూ పొద్దున్నే మాత్ర తీసుకుని వెళ్తే, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపింది.