ప్రశ్నతో వాదించిన ప్లీడరమ్మ

ఆమెకు ప్లీడరమ్మ అనే పేరు పెట్టింది మేనమామ. చిన్నతనంలో ఒకసారి ఆయన ఇంటికి వెళ్లినప్పుడు ఇల్లు పీకి పందిరేసింది. "ఇంత అల్లరి చేస్తే రాత్రికి అన్నం పెట్టను" అని ఆయన బెదిరించాడు. "అల్లరి పగటిది, అన్నం రాత్రిది. ఆ రెండింటికీ ఏం సంబంధం మామయ్యా?" అని అడిగింది పిల్ల. మేనమామ నవ్వి అన్నం పెట్టాడు, పేరు కూడా పెట్టాడు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉండిపోయింది. చుట్టాలకీ స్నేహితులకీ, చివరికి కట్టుకున్నవాడికి కూడా ఆమె ప్లీడరమ్మే అయింది.

డిగ్రీ పూర్తయ్యాక పెళ్లి చేసుకుని, ఒక డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటరు దగ్గర కుదిరింది. వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం రోజంతా బుస్సుమంటూ ఉంటుంది. ముందు గదిలో ఆమె. బట్ట తీసుకోవడం, మరకలు చూడటం, గుండీలు లెక్కపెట్టడం, కాలరుకు చీటీ గుచ్చడం ఆమె పని. గొడవకు వచ్చినవాళ్లతో మాట్లాడే పని కూడా ఆమె నెత్తినే పడింది. అగ్గిమీద గుగ్గిలంలా లోపలికి వచ్చినవాళ్లు కూడా కాసేపయ్యాక నోరు నొప్పెట్టి బయటికి వెళ్లేవారు. అలాంటి మనిషి దొరకడం తన అదృష్టమనుకునేవాడు యజమాని.

ఒక పెద్దాయన ఉన్నికోటు విషయంలో ఆ అదృష్టం తిరగబడింది. కోటు లోపలి గుడ్డ ఉతుకులో ముడుచుకుపోయింది. ఆయన నేరుగా వినియోగదారుల కోర్టుకు వెళ్లాడు. బట్ట తీసుకున్న మనిషిగా ప్లీడరమ్మ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పాల్సినవన్నీ మనసులో పేర్చుకుని వెళ్లింది.

అవతలి పక్షం వకీలు సన్నగా, పొట్టిగా ఉన్న ఒకావిడ. గొంతు పెంచలేదు.

"కోటు తీసుకునేటప్పుడు మీరు చూశారా?"

చూశానంటే సరిపోయేది. ప్లీడరమ్మకు అంత చిన్న జవాబు అలవాటు లేదు. "చూశానండీ. నేను చూడకుండా ఏ బట్టా తీసుకోను. లోపలి గుడ్డ బాగా నలిగిపోయి ఉంది, ఇది ఉతుకుకు ఆగదని అప్పుడే అనుకున్నాను."

"అనుకున్నారు. ఆ మాట ఆయనతో చెప్పారా?"

ప్లీడరమ్మ పెద్దాయనతో ఆ మాట చెప్పలేదు. ఆ రోజు దుకాణం రద్దీగా ఉంది. "అసలు ఆ రోజు" అని మొదలుపెట్టబోతే, జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూసి, "అడిగినదానికి చెప్పమ్మా" అన్నారు.

"చెప్పలేదండీ."

వకీలావిడ కూర్చుంది. కేసు దుకాణం ఓడిపోయింది. యజమాని ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేది, మనసు తేలికపడేది. ఆయన ఊరుకోవడంతో ఆ బరువు అలాగే మిగిలింది. అయితే బస్సులో ఇంటికి వస్తూ ఆమె తలుచుకున్నది ఓటమిని కాదు. తన నోట్లోంచి జారిన ఒక్క మాటను ఆ వకీలావిడ పట్టుకున్న తీరును. వయసు ముప్పై దాటి చాలాకాలమైంది. అయినా లా చదవాలని ఆ బస్సులోనే అనుకుంది.

ఇంట్లో చెబితే భర్త నవ్వలేదు. అతను లిఫ్టు మెకానిక్, మాటకారి కాదు. "చదువుకో" అన్నాడంతే. అత్తగారు మాత్రం కూరగాయలు తరుగుతూ, "చిట్టి కూడా ఆ లా ప్రవేశపరీక్షే రాస్తానంటోంది. కూతురూ కోడలూ ఇద్దరూ వకీళ్లయితే ఈ ఇంట్లో నేను నోరు విప్పేదెట్లా?" అంది.

చిట్టి అంటే ఆడపడుచు. డిగ్రీ ఆ ఏడే అయింది. చదివింది మర్చిపోని పిల్ల, మనిషి మెతక.

ప్లీడరమ్మ ఇటుకంత గైడు కొనుక్కొచ్చి నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ చదివింది. తనకు తెలిసిన చోట తల ఊపింది, తెలియనిచోట గీత గీసింది. పాత ప్రశ్నపత్రం ఒక్కటీ రాసి చూసుకోలేదు. వాదించడం చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య, దానికి మళ్లీ సాధన దేనికనుకుంది.

పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది. సూత్రం: అనుమతి లేకుండా పరుల వస్తువును ముట్టుకున్నవాడు నష్టపరిహారం చెల్లించాలి. సందర్భం: వాన వస్తోందని పక్కింటాయన, ఇంట్లో లేని పొరుగావిడ బట్టలు దండెం మీదనుంచి తీసి లోపల పెట్టాడు. ఆయన పరిహారం చెల్లించాలా?

ప్లీడరమ్మకు ఒళ్లు మండింది. బట్టలు తడవకుండా కాపాడినవాడిని పట్టుకుని పరిహారమా? అక్కర్లేదు అన్న గడిలో గట్టిగా చుక్క పెట్టింది. అంతటితో పోలేదు. ఆ ప్రశ్న రాసినవాడు జన్మలో బట్టలు ఆరేసి ఉండడని తేల్చుకునేసరికి, తర్వాతి ప్రశ్నలకు ఉండాల్సిన సమయం కరిగిపోయింది.

ఫలితాలొచ్చాయి. సీటు రాలేదు. చిట్టికీ రాలేదు. ఆ కబురు వినగానే చిట్టి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ప్లీడరమ్మ వంటింట్లో నిలబడి భర్తకు వాన ప్రశ్న మొత్తం వినిపించి, "మీరే చెప్పండి, న్యాయమేనా?" అంది.

అతను చెయ్యి కడుక్కుంటూ ఆలోచించాడు. "లిఫ్టు ఆగిపోయిందని ఫోను చేస్తారు. ఆగిపోయిందంటే నాకేం తెలుస్తుంది? తలుపు సరిగా పడలేదా, మోటారా, కరెంటా అన్నది చూసుకోవాలి. అన్నిటికీ మోటారు విప్పుకుంటూ కూర్చుంటే అయ్యే పనేనా? నీ తప్పులన్నీ ఒకటే రకమా?"

తన తప్పులు ఏ రకమో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

కొన్నాళ్లకు, సెలవురోజు మధ్యాహ్నం, పాత ప్రశ్నపత్రాలు సంపాదించి తెచ్చి చిట్టి గది తలుపు తట్టింది. ఇద్దరూ భోజనాల బల్ల మీద చెరోవైపు కూర్చుని ఒక పత్రం రాశారు. తర్వాత తప్పుల పక్కన గుర్తులు పెట్టుకున్నారు. తెలియక తప్పినదానికి "తె". తొందరలో తప్పినదానికి "తొ". తెలిసీ, తీరుబడిగా ఉండీ, ప్రశ్నతో పేచీ పెట్టుకుని తప్పినదానికి "వా", అంటే వాదన. ఆ మూడోది పెట్టమన్నది చిట్టి. ప్లీడరమ్మ పత్రం నిండా "వా"లే.

"నీకు రానివి చాలా తక్కువ వదినా. వాళ్లు అడిగింది వదిలేసి వాళ్లు అడగాల్సింది ఇదీ అని చెబుతున్నావు."

"అడిగిందే తప్పయితే?"

"అయితే కానీ. ఈ ఒక్క పేజీ వరకూ వాళ్ల సూత్రమే సూత్రం. పేజీ తిప్పాక నీ ఇష్టం."

ప్లీడరమ్మకు ఆ మాట మింగుడుపడటానికి చాలా వారాలు పట్టింది. చిట్టి ఒక మార్గం చెప్పింది. ప్రశ్న చదవగానే సందర్భంలోని మనుషుల్ని తీసేసి, సూత్రంలో ఉన్న షరతులు మాత్రమే చూసుకోవాలి. అనుమతి ఉందా, లేదా? ముట్టుకున్నాడా, లేదా? అంతవరకే. వాన సంగతి వానకు వదిలెయ్యాలి. మొదట్లో ప్లీడరమ్మ ప్రతి ప్రశ్న దగ్గరా గొణిగేది. తర్వాత గొణుగుడు తగ్గింది, పెదాలు కదిలేవి. దినపత్రికలో సంపాదకీయం చదివి, అందులో రాసినాయన ఏమన్నాడో ఒక్క వాక్యంలో చెప్పడం కూడా చిట్టే అలవాటు చేసింది. "ఆయన ఏమన్నాడో చెప్పు వదినా, ఆయనకు నువ్వేం చెబుతావో కాదు" అని గుర్తుచేస్తూ ఉండేది.

చిట్టి పత్రం వేరే రకం. రాసినవన్నీ ఒప్పులే, కాని సగం ఖాళీ. గడియారం పెట్టుకోకపోతే అన్నీ రాస్తుంది. పెడితే చేతులు చల్లబడతాయి, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతుంది. పరీక్ష హాల్లోనూ అదే జరిగిందని ఆ రోజు మొదటిసారి చెప్పింది.

"కాగితం చూడగానే ఏమీ కనబడదు వదినా. అక్షరాలు కనబడతాయి, అర్థం కనబడదు."

ధైర్యంగా ఉండు అని చెప్పాలనిపించింది ప్లీడరమ్మకు. చెప్పలేదు. ఆ మాట చిట్టికి ఇంటిల్లిపాదీ చెప్పారు, ఏమీ కాలేదు. "మా కౌంటరు దగ్గరికి ఎవరైనా అరుస్తూ వస్తే నేను ముందు ఏం చేస్తానో తెలుసా? వెనక్కి తిరిగి ఏదో ఒక హ్యాంగరు తీసి సరిగ్గా తగిలిస్తాను. నాకూ గుండె కొట్టుకుంటుంది మరి. చేతికి ఒక పని చెబితే అది కాస్త నెమ్మదిస్తుంది. నువ్వూ కాగితం ఇవ్వగానే చదవకు. నీ నంబరు అందంగా రాసుకో. ఆ తర్వాత నీకు బాగా వచ్చిన భాగం ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టు. మొదటి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలని ఎవరూ రాసివ్వలేదు."

సమయం చూసే పని అత్తగారికి అప్పగించారు. ఆవిడ మొదట విసుక్కుంది, తర్వాత పదవి నచ్చింది. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని, చేతిలో గరిటె, ఒళ్లో స్టీలు పళ్లెం. సమయం అయిపోగానే ఠంగుమనిపించేది. ఒక్క క్షణం ఆగమని కోడలు బతిమాలినా వినేది కాదు. "అక్కడ ఆపేవాడు నీ అత్తగారు కాదు" అనేది. కొడుకు భోజనానికి వచ్చినా పళ్లెం మోగేదాకా వడ్డన లేదు. పళ్లెం మోత అలవాటై చిట్టి చేతులు చల్లబడటం తగ్గింది. పూర్తిగా పోలేదు. పోకపోయినా రాయొచ్చని తెలిసింది.

మధ్యలో ఒక దశలో ఇద్దరికీ మార్కులు పెరగడం ఆగిపోయింది. ప్లీడరమ్మ పట్టుదలకు పోయి వరసగా పత్రాలు రాస్తూ పోయింది, మార్కులు ఇంకా పడిపోయాయి. దుకాణంలో ఒకరి ప్యాంటుకు ఇంకొకరి చీటీ గుచ్చింది. యజమాని చూసి, "రెండు రోజులు పుస్తకం ముట్టుకోకు, నా మాట విను" అన్నాడు. కోర్టు రోజు తర్వాత ఆయన ఆ కేసు ప్రసక్తికి దగ్గరగా వచ్చి మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె మాట వింది, తిని పడుకుంది. తిరిగి మొదలుపెట్టినప్పుడు కొత్త పత్రాలు మానేసి, అంతకుముందు తప్పిన ప్రశ్నలనే మళ్లీ రాసింది. అక్కడినుంచి మార్కులు కదిలాయి.

రెండోసారి పరీక్షకు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లారు, దారిలో చదువు ఊసెత్తలేదు. హాళ్లు వేరు. చిట్టి కాగితం అందుకోగానే చూపు మసకబారింది. నంబరు రాసింది, ఒక్కో అంకె దిద్దినట్టు. తర్వాత చివరి భాగం తెరిచి, అక్కడినుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చింది. కొన్ని మిగిలిపోయాయి, సగం కాదు.

ప్లీడరమ్మకు ఈసారి తగిలిన ప్రశ్నలో ఒక అంధుడు, ఒక నిచ్చెన, ఒక అన్యాయమైన సూత్రం ఉన్నాయి. చదువుతుంటే గొంతులో మాట కదిలింది. షరతులు చూసింది, చుక్క పెట్టింది, ముందుకు వెళ్లింది. బయటికి వచ్చాక బస్టాపులో చిట్టికి ఆ ప్రశ్న చెప్పి, అది ఎంత అన్యాయమో బస్సు వచ్చేదాకా వివరించింది. చిట్టి ఓపికగా విని, "ఏం పెట్టావు?" అంది. "వాళ్లు అడిగిందే" అంది ప్లీడరమ్మ.

చిట్టికి పగటి కాలేజీలో సీటు వచ్చింది. ప్లీడరమ్మ పేరు వెయిటింగు జాబితాలో వేలాడింది. ఆ రోజులు ఆమెకు బాగా గడవలేదు. ఇంట్లో చిట్టి చదువు గురించి మాట్లాడటానికి అందరూ జంకేవారు, అది ఆమెకు ఇంకా కష్టంగా ఉండేది. ఒక సాయంత్రం తనే చిట్టిని పిలిచి కాలేజీ సంగతులు అడిగింది. కాలేజీ తెరిచిన కొన్నాళ్లకు ఎవరో చేరకుండా మానుకోవడంతో సాయంత్రం బ్యాచిలో ఒక ఖాళీ పడి, ఆమెకు పిలుపొచ్చింది.

ఇప్పుడు పొద్దుట దుకాణం, సాయంత్రం క్లాసు. తరగతిలో వయసులో అందరికన్నా పెద్దది. మొదటి ఏడు ఒప్పందాల చట్టం కొరుకుడుపడక ఒక పరీక్ష తప్పి మళ్లీ రాసింది. నేరాల చట్టంలో మంచి మార్కులే వచ్చాయి. చిట్టి చదువులో ఆమెకన్నా ముందుంది, తన నోట్సు ఇస్తుంది. తరగతిలో లేచి మాట్లాడాల్సి వస్తే చిట్టి చేతులు ఇప్పటికీ చల్లబడతాయి, అయినా లేస్తుంది. ప్లీడరమ్మ ఈ మధ్యే రెండో ఏడు ఫీజు గడువు కనుక్కోవడానికి కాలేజీ ఆఫీసుకు వెళ్లి, వరసలో నిలబడి, ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా పని చూసుకుని దుకాణానికి వచ్చేసింది.