మేళం లేని ముహూర్తం

చూపు బాగా మందగించాక కూడా మా అత్తగారు ఏ పెళ్లీ మానలేదు. గట్టిమేళం మోగగానే తాళి కట్టారని తెలుసుకుని, గుప్పిట్లోని అక్షింతలు జంట వైపు విసిరేవారు. "నాకు చెవులున్నయి, చాలు" అనేవారు.

మా అమ్మాయి పెళ్లి మారేడ్‌పల్లిలోని ఓ పాత బంగళా తోటలో జరిగింది. తెల్లపూలు, కొద్దిమంది చుట్టాలు, ఒక వేణువు. మేళం, మైకు వద్దంది పిల్ల.

"మేళం లేకుంటే పెండ్లెట్లయితదే? సంతాపసభ అయితది."

"నాకు చెవులు పగిలే చప్పుడొద్దు నానమ్మా."

ఇద్దరికీ సర్దిచెప్పలేక, నోరుగలదాన్నని పేరుపడ్డ నేనే చివరికి "ఏమన్న చేసుకోండ్రి" అని ఊరుకున్నాను.

మోకాళ్ల నొప్పులని అత్తగారిని దూరంగా చెట్టునీడన కూర్చోబెట్టాం. పంతులుగారి మంత్రాలు అంతదూరం వినపడలేదు. తాళి కట్టడం అయింది, వేణువు మెల్లగా సాగుతూనే ఉంది, అందరూ భోజనాలకు కదిలారు. ఆవిడ గుప్పిట బిగించి అలాగే ఉన్నారు.

"అత్తమ్మా, లేవుండ్రి, తిందురుగని."

"ఆగవే! పిల్లకింక పుస్తె కట్టలే. అక్షింతలెయ్యాలె."

నా వెనకే వచ్చిన మా అమ్మాయి అది విన్నది. పట్టుచీరతోనే గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, నానమ్మ రెండో చేతిని తన మెడలోని పసుపుతాడు మీద పెట్టుకుంది. ఆవిడ వేళ్లు ముడిని తడిమాయి.

"ఎప్పుడు గట్టిండే?"

"ఇప్పుడే నానమ్మా" అని అబద్ధమాడి, పిల్ల ఆ గుప్పిట కింద తల వంచింది.