రాధారాణి వదిన చేసిన ఉద్యోగం

సాయంత్రం ఆరున్నరకి గరాజ్ తలుపు చప్పుడయ్యేది. మా ఆడపడుచు రాధారాణి వదిన తడి సంచీ వాషర్ పక్కన పెట్టి, "మల్లీ, టీ ఉందా?" అనేది. ఆవిడ టీ తాగుతుంటే నేను అందులోని ఈతబట్టలు ఉతికి బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనకాల ఆరేసేదాన్ని. పైన పెరటివైపు చెక్క డెక్ మీద బోలెడంత ఎండ. అయినా మనవాళ్ళ కళ్ళబడతాయని కిందే ఆరేసేదాన్ని. మార్చి నుంచి ఆ టీ నేనొక్కదాన్నే తాగుతున్నాను. వదిన కేన్సర్‌తో పోయింది.

మొగుడితో పొసగక ఇక్కడ నోవై ఊళ్ళో తమ్ముడింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసి పద్దెనిమిదేళ్ళు ఉంది. వచ్చిన రెండో ఏడు ఫ్రీవే అవతల అపార్ట్‌మెంట్ల వెనకున్న చెరువులో ఒక పిల్ల పడి చనిపోయింది. అక్కడుండేది మోటళ్ళలో గదులు తుడిచేవాళ్ళు, గోడౌన్లలో పెట్టెలు మోసేవాళ్ళు. ఈత క్లాసులు వాళ్ళకి అందేవి కావు. వదిన నలభై ఏళ్ళప్పుడు తను ఈత నేర్చుకుని, ఈత నేర్పేవాళ్ళ పరీక్ష పాసై, ఒక చిన్న సంస్థలో చేరి వాళ్ళ పిల్లలకి నేర్పడం మొదలెట్టింది. గుమ్మం గుమ్మం తిరిగి తల్లుల్ని పిలుచుకొచ్చేది. లైఫ్ జాకెట్లు అడిగి తెచ్చి పంచేది.

"మునిగేవాళ్ళు కేకలు పెట్టరు మల్లీ. చప్పుడు లేకుండా పోతారు. అందుకే ఎవరో ఒకళ్ళు ఫోన్ పక్కన పడేసి నీళ్ళనే చూస్తూ కూచోవాలి" అనేది.

ఎవరైనా అడిగితే నేను మాత్రం, "కౌంటీ వాళ్ళ గవర్నమెంటాఫీసులో చేస్తుంది" అనేదాన్ని. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఇక్కడి ఆడవాళ్ళందరూ ల్యాప్‌టాప్‌ల వాళ్ళు. ఆడపడుచు ఈతబట్టలేసుకుని బీదవాళ్ళ అపార్ట్‌మెంట్లలో తిరుగుతుందంటే చిన్నచూపు చూస్తారని నా భయం.

రెండేళ్ళ కిందట జూలైలో లేక్ దగ్గర మన తెలుగువాళ్ళ పిక్నిక్. మగవాళ్ళు గ్రిల్ దగ్గర వీసా కబుర్లలో, మేం వడ్డనల్లో, పిల్లలు నీళ్ళలో. ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తారులే అని అందరం అనుకున్నాం. వదిన చేతిలో ప్లేటు పడేసి, చుడీదార్‌తోనే నీళ్ళలోకి పరుగెత్తి, మాకు తెలిసిన చంద్రిక కొడుకు ఈషాన్‌ని పైకి తీసింది. ఆరేళ్ళవాడు. దగ్గి, నీళ్ళు కక్కి, అప్పుడు ఏడ్చాడు.

చంద్రిక వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటూ, "అక్కా, మీ వదినగారికి ఈత ఎలా వచ్చింది?" అంది.

వదిన నోరు తెరిచేలోపే, "చిన్నప్పుడు కాలవలో నేర్చుకుంది" అనేశాను.

కార్లో వదిన టవల్ చుట్టుకుని నవ్వింది. "పధ్నాలుగేళ్ళ ఉద్యోగం తీసుకెళ్ళి కాలవలో కలిపావు కదే." "నిజం చెప్పుంటే ఆ పిల్లలందర్నీ శనివారం నా క్లాసుకి రమ్మనేదాన్ని" అంది. డ్రైవ్ చేస్తున్న మావారు రేడియో పెంచారు.

ఆ తర్వాతైనా చెప్పలేదు. చెబితే నా అబద్ధం బయటపడుతుందని.

వదిన పోయాక చంద్రిక పరామర్శకి వస్తే అప్పుడు నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "అప్పుడే చెప్పుంటే బావుండేది అక్కా. రెండు చోట్ల ఈత క్లాసుల్లో వేశాను, కొత్తవాళ్ళతో వాడు నీళ్ళలోకి దిగడు. తనని పైకి తీసినావిడైతే నమ్మేవాడేమో" అంది. కాఫీ ఇచ్చాను.

పోయిన శుక్రవారం చంద్రిక ఫోన్ చేసింది. వదిన దగ్గర నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడక్కడ క్లాసు చెబుతోందట. "రేపు పదకొండుకి వాణ్ణి తీసుకెళదామా? దారి మీకు తెలుసుగా."

తెలీదు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. ఆ మాటా చెప్పాల్సొచ్చింది.

శనివారం ఒంటిగంటకి తెలుగు అసోసియేషన్ ఆడవాళ్ళు ఆరుగురు మా ఇంటికి భోజనానికి రావాలి. గారెలకి మినప్పప్పు ముందే నానబోశాను. పదిన్నరకి చంద్రిక కారొచ్చింది.

మావారు, "మరి గారెలో? నువ్వెక్కడని అడిగితే ఏం చెప్పను?" అన్నారు.

"నేను వదిన నడిపిన క్లాసుకి వెళ్ళానని చెప్పండి. ఏం క్లాసంటే అదీ చెప్పండి."

పప్పు కడిగి గ్రైండర్‌లో వెయ్యడానికి పది నిమిషాలు చాలు. చంద్రిక ఆగుతాననే అంది. నేను పప్పు గిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయాను.