కాళ్లు తప్పుకున్న చోటు

మా మేడమ్ పోయిన కబురు నాకు సూర్యాపేటలో, కొత్తగా వేసిన ఒక ఇంటి స్లాబు మీద నిలబడి ఉండగా అందింది. ఫోన్ చేసింది మిర్యాలగూడ పెద్ద మేస్త్రి, ఆమెతో పదేళ్లు పనిచేసిన మనిషి. "బిడ్డా, మేడమ్ ఇగ లేదు. పొద్దుగాల కోదాడల, ఇంట్ల కుర్సీల కూసున్నదట. గట్లనే పోయింది" అన్నాడు. ఆ తర్వాత కూడా ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల తాపీ గీకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఆమె గురించి మీలో చాలామందికి తెలిసి ఉండదు. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక సొంత ఊరు కోదాడకు వచ్చేశారు. పల్లెల్లో, తండాల్లో నలుగురు కలిసే చోట్లు గీసి ఇచ్చేవారు. నేను ఆమె దగ్గర చదువుకుని, ఆ తర్వాత ఆమెతోనే పనిచేశాను.

ఏ స్థలానికి వెళ్లినా ముందు చెప్పులు విడిచేవారు. మే నెల ఎండలో నేల కాలిపోతున్నా అంతే. టేపు తియ్యడం తర్వాత. క్లాసులోనూ, లావుపాటి పుస్తకాల్లోని సిద్ధాంతాలన్నీ చెప్పాక ఒక్క ప్రశ్న వేసేవారు: "ఇక్కడికి ఎవరొస్తారో నాకొద్దు. ఎవరు రారో రాయండి." మొదటిసారి నేను ఖాళీ కాగితం ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వెప్పుడూ గుమ్మం బయట నిలబడలేదన్నమాట" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు వెళ్తుంటే, బియ్యం మిల్లుల వెనక ఒక ఖాళీ స్థలం ఉండేది. ఒక పక్క తండా, ఇంకో పక్క ఊరి ఇళ్లు, మూడో పక్క ముస్లింల గల్లీ, నాలుగో పక్క బీహార్ నుంచి వచ్చిన మిల్లు కూలీల రేకుల గదులు. ఆ నాలుగు వైపులవాళ్లకూ కలిపి ఒక హాలు కట్టాలని కమిటీ వేశారు. గీసే పని మేడమ్‌కు ఇచ్చారు.

ఆమె మూడు రోజులు నన్ను పక్కనున్న మేడ మీద కూర్చోబెట్టారు. కింద స్థలాన్ని దాటిపోయేవాళ్లు ఎటునుంచి ఎటు నడుస్తున్నారో గీయడమే నా పని. మొదటి రోజు సాయంత్రం కాగితం చూసుకుని తెల్లబోయాను. అన్ని దార్లూ ఒకచోటికి వచ్చేసరికి వంపు తిరిగాయి. నడుమ గుండ్రంగా ఖాళీ మిగిలింది. అక్కడ రాయి లేదు, ముల్లు లేదు, గుంట లేదు. చదునైన నేల. రెండో రోజు మేకల మంద వచ్చింది. సరిగ్గా అక్కడికి రాగానే రెండుగా చీలి, దాటాక మళ్లీ కలిసింది. ఎండ మాడుతున్నా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

తండా ముసలామెను మేడమ్ అడిగారు. "అక్కడ ఎందుకు తొక్కరమ్మా?"

ఆమె ఆ చోటు వైపు చూసింది. "మా అమ్మ తొక్కలే. నేను తొక్కలే. ఎందుకంటే ఏం జెప్త?"

గల్లీ పెద్దాయనదీ అదే జవాబు. ఊరివాళ్లదీ అదే. నెల కిందటే వచ్చిన బీహార్ కూలీలు కూడా అక్కడ పక్కకు తిరుగుతున్నారు. వాళ్లకు ఎవరు చెప్పారు? అడిగితే నవ్వారు. తాము తిరుగుతున్నామని వాళ్లకే తెలియదు.

"గోడలు మనం కడతాం. జాగాను కాళ్లు కడతాయి" అన్నారు మేడమ్. ఆ రాత్రికే ప్లాను గీశారు. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ. దాని చుట్టూ వరండా. నాలుగు వైపులా నాలుగు వాకిళ్లు, ఎవరూ ఎవరి వెనక లోపలికి రానక్కర్లేకుండా. వేదిక లేదు. వేదిక కడితే సగం మంది ప్రేక్షకులైపోతారని ఆమె వాదన.

కమిటీ పెద్దకు నచ్చలేదు. "నట్టనడుమ జాగా ఉత్తగ ఇడిసిపెడ్తరా మేడమ్? అందరు మమ్మల్ని సూసి నవ్వరా?"

"అక్కడేదో ఉంది. ఏముందో తెలిసేదాకా దాని మీద కప్పు వెయ్యను" అన్నారామె.

నాకు సిగ్గేసింది. ఇంత చదివిన మనిషి ఇలా మాట్లాడతారేమిటి అనుకున్నాను. వారం తర్వాత కమిటీ పెద్ద ఆమెకు తెలియకుండా నన్ను పిలిచి, "నువ్వన్న గియ్యి బిడ్డా, మంచిగ నాలుగు మూలల హాలు" అంటే ఒప్పుకున్నాను. హాలును సరిగ్గా ఆ ఖాళీ మీదే పెట్టాను. ఆమెకు చెప్పలేదు.

పునాది తవ్వే రోజు జేసీబీ వచ్చింది. దాని వెనక మట్టి ఎత్తడానికి పదిమంది ఆడకూలీలు. మధ్యాహ్నం కావస్తుండగా రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. మేడమ్ దిగారు. కోదాడ నుంచి రెండు బండ్లు మారి వచ్చారు. ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నా వైపు చూడలేదు. చెప్పులు విడిచి, ఆ గుండ్రటి చోటు అంచున నిలబడి, "మజ్జిగ తెచ్చాను, అందరూ ఇవతలికి రండి" అని పిలిచారు. ఆడవాళ్లు గంపలు దించి వచ్చారు. జేసీబీ డ్రైవర్ కదల్లేదు. "నువ్వూ రా నాయనా" అన్నారు. విసుక్కుంటూ దిగాడు.

అతను గ్లాసు అందుకున్నాడో లేదో, నేల కిందికి దిగింది. చప్పుడు లేదు. తడి గుడ్డ జారినట్టు మట్టి జారిపోయింది. జేసీబీ ముందుకు ఒరిగి, తొట్టెను అవతలి అంచుకు ఆనించుకుని ఆగింది. అప్పుడు ఆ రంధ్రంలోంచి చల్లటి గాలి వచ్చింది. అంత ఎండలో మా అందరి మొహాలకూ తగిలింది. చాలాసేపటికి, ఎంతో లోతున, మట్టి నీళ్లలో పడిన శబ్దం వినిపించింది.

దిగుడు బావి. మెట్లు ఇంకా ఉన్నాయి. ఎవరు తవ్వారో, ఎవరు ఎందుకు పైన కప్పి మూసేశారో ఒక్కరికీ తెలియదు. ఏ పటంలోనూ లేదు.

ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నేను మేడమ్ కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేశారు. "తప్పు గీయడం తప్పు కాదమ్మాయ్. అందరం గీస్తాం. నువ్వు మూడు రోజులు చూసి కూడా గీశావు." అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. పని నుంచి నన్ను తీసెయ్యనూ లేదు.

కొన్నేళ్ల తర్వాత ధైర్యం చేసి అడిగాను, ఆ వేళకే కూలుతుందని మీకెలా తెలుసని. "నాకేం తెలుసు? మజ్జిగ తాగే టైమయింది, పిలిచాను" అన్నారు. నవ్వలేదు.

హాలు ఆమె మొదట గీసినట్టే కట్టాం. బావి చుట్టూ రాతి పిట్టగోడ, పైన ఇనుప జాలీ. తండా పిల్లలు తీజ్ పండుగకు దాని చుట్టూ ఆడతారు. గల్లీవాళ్ల పెళ్లి భోజనాలు ఆ వరండాలోనే. బీహార్ కూలీలు మొదటి ఏడాది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవారు. మేడమ్ వెళ్లి వాళ్ల వాకిట్లోనే రెండు రోజులు కూర్చున్నారు. ఇప్పుడు ఆదివారాలు ఢోలక్ పట్టుకుని వాళ్లే ముందు వస్తారు.

పోయిన వారం ఆమె సంస్మరణ సభ అక్కడే జరిగింది. ఎవరూ మైకు పెట్టలేదు. తండా ముసలామె కూతురు తన భాషలో రాగం తీసి ఏడ్చింది. గల్లీ పెద్దాయన చేతులెత్తి దువా చేశాడు. పెద్ద మేస్త్రి వెళ్లి బావి పిట్టగోడ మీద చెయ్యి వేశాడు. అందరూ కింద, వట్టి బండల మీదే కూర్చున్నారు. ఆ రోజు గాలి మిల్లుల వైపు నుంచి వీస్తోంది. పొగగొట్టాల ఊక బూడిద నడిమి ఖాళీలోంచి సన్నగా రాలుతూనే ఉంది. ఎవరూ దులుపుకోలేదు.

అందరూ వెళ్లాక తాళాలు వెయ్యడానికి నేను మిగిలాను. నేలంతా నల్లటి పలుచని పొర. మనుషులు కూర్చున్న చోట్లు మాత్రం శుభ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, ఏది ఎవరిదో చెప్పలేనట్టు ఉన్నాయి. తూర్పు వాకిలి పక్కన, గోడకు ఆనుకుని, విడిగా ఇంకొకటి ఉంది. అక్కడ ఎవరు కూర్చున్నారో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. చీపురు తీసుకుని మిగతా నేలంతా ఊడ్చి, దాన్ని అలాగే వదిలేసి వచ్చాను.