కెప్టెన్‌కు ఎదురు చెప్పే పరీక్ష, ఓడీసీ రోడ్డు మీద

మా మనవరాలు హారిక ఓడ నడిపే డెక్ ఆఫీసర్ కావాలని చెన్నైలో మూడేళ్లు చదివింది. ట్రైనీగా తీసుకోవడానికి ఓడల కంపెనీవాళ్లు బెంగళూరులో మధ్యాహ్నం ఇంటర్వ్యూ పెట్టారు. వేళకు చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. నల్లమాడ నుంచి హిందూపురం దాకా కారు, అక్కడ పది గంటల రైలు అనుకున్నాం. నాకు ఇంట్లో కాలు నిలవదు కాబట్టి తోడు బయలుదేరాను.

బాడుగ రెండున్నర వేలు, డ్రైవరు మా ఊరి ఓబులేసు. ఓడీసీలో, అంటే ఓబుళదేవరచెరువులో టీ తాగి గోరంట్ల దారి పట్టాలి. ఓబులేసు రాజకీయాలు మాట్లాడుతూ బండి తిప్పాడు. ఎండిన వేరుశనగ చేలు చూసి చూసి విసుగెత్తి తల తిప్పితే, రాయి మీద కదిరి అని కనబడింది.

"ఏమప్పా ఓబులేసూ, కదిరిలో మనకేం పని?"

బ్రేకు వేశాడు. "అయ్యో, మాటల్లో పడి తప్పు మలుపు తిప్పినా అమ్మా."

హారిక నసిగింది. "నాకు అప్పుడే తెలిసె అవ్వా. ఎండ మొగానికి కొడతాంది. గోరంట్లకైతే ఎనక నుంచి రావాల."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మామ పెద్దోడు కదా, ఎట్ల చెప్పేది?"

"మీ కాలేజీలో ఇది నేర్పలేదా?"

"నేర్పినారు. కెప్టెన్ తప్పు చేస్తాంటే ట్రైనీ అయినా గట్టిగా చెప్పాలని. ఆ పేపర్లో నాకే ఎక్కువ మార్కులు."

"భేష్. ఓడ రాయికి కొట్టుకునేటప్పుడు ఆ మార్కులు చూపించు."

తనను కెప్టెన్‌తో పోల్చారని ఓబులేసు చొక్కా సర్దుకున్నాడు. బండి వెనక్కి తిప్పి, పోయిన సమయం రాబట్టాలని ఉరికించాడు. గోరంట్ల దాటాక, మలుపులో లారీని దాటబోయాడు. నోటి దాకా వచ్చిన తిట్టును కష్టపడి మింగాను.

"మామా, వద్దు. లారీ ఎనకే ఉండు." హారిక ముందుకు వంగి గట్టిగానే అంది.

"ముప్పై ఏండ్లుగా నడుపుతాండా పాపా."

"నడుపు మామా. ఈడ మాత్రం దాటొద్దు."

అతను మూతి ముడుచుకుని వెనక్కి తగ్గాడు. మలుపు తిరిగితే ఎదురుగా ఒక్క బండి లేదు.

"చూసినావా, ఎవురుండారు?" అన్నాడు.

"లేకున్నా వద్దు మామా."

రైలు కదలబోతుండగా ఎక్కాం. ఇంటర్వ్యూ అయింది, ఫలితం ఇంకా రాలేదు. నక్షత్రాలు, పటాలు, తుఫాన్లు ఆ కాలేజీ బాగానే నేర్పింది, కాదనను. పెద్దవాళ్ల ముందు నోరెత్తకూడదని మా ఇళ్లలో ఇరవై ఏళ్లు నేర్పినదాన్ని మూడేళ్లలో, అదీ తరగతి గదిలో, ఎవరు చెరపగలరు? అందుకు నిజంగా అలిగే మనిషి ఒకడు ఎదురుగా ఉండాలి.

ఇటు వచ్చేవారికి ఒక మాట: ఓడీసీలో టీ తాగాక బండిలో ఎవరైనా "ఇది దారి కాదేమో" అంటే, వాళ్ల వయసు చూడకుండా ముందు బండి ఆపించండి.