మాస్టారూ, నా కుళ్ళూ

మాస్టారు పోయారన్న కబురు మా ఇంట్లో ముందుగా మా పన్నెండేళ్ల అమ్మాయికి చేరింది. ఆయన భార్య ఫోన్ చేసింది దానికే, నాకు కాదు. నేను ఆఫీసు మీటింగులో ఉండగా దాని మెసేజ్ వచ్చింది. తెలుగులో, తెలుగు లిపిలో: "మాస్టారు చనిపోయారు. నువ్వు ఇంటికి రా." సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపు కంటే ముందు వేరే ఆలోచన వచ్చింది. ఆ అక్షరాల్లో ఒక్కటీ నేను నేర్పింది కాదు.

అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్లో మా తెలుగు బడి ఆదివారం ఉదయాలు ఒక కమ్యూనిటీ హాలులో నడుస్తుంది. మాస్టారు అక్కడ జీతం లేని పంతులు. ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలకు పనిముట్లు చేసిపెట్టే షాపులో రిటైరయ్యేదాకా పనిచేశారు. ఏ కాలమైనా ఒకటే బూడిదరంగు స్వెట్టరు. పెన్సిల్ చాకుతోనే చెక్కుకునేవారు. ఎవరైనా షార్పెనర్ ఇస్తే "అది చెక్కదోయ్, తినేస్తుంది" అని తిరిగిచ్చేసేవారు.

పక్క గదుల్లో పిల్లలు అ అమ్మ, ఆ ఆవు అని వల్లిస్తుంటే, ఈయన గదిలో అమెరికా పుట్టి పెరుగుతుండేది. అదీ తెలుగులో! "ఒక పసి దేశం. అడవి బోలెడంత ఉంది, ఏర్లు ఉన్నాయి, పని తెలిసినవాడు లేడు. ఏం చెయ్యాలర్రా?" అని మొదలుపెట్టేవారు. ఏటి వాలున మర కట్టాలి అని ఒకడు అనాలి. సరుకు ఎలా వెళ్తుంది అంటే కాలువ తవ్వాలి అని ఇంకొకడు అనాలి. ఈరీ కాలువ పాఠం రోజు ఒక పిల్లాడు పడవై నేలమీద కూర్చుంటే, మిగతావాళ్లు గట్టు మీద నడిచే కంచరగాడిదలై తాడు పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు లాగారు. ఆ రోజు నుంచి మా అమ్మాయికి కాలువ, గట్టు, లాకు, సరంగు అన్నీ నోటికి వచ్చేశాయి.

బట్టల మిల్లుల పాఠంలో మాత్రం ఆయన మధ్యలో ఆగిపోయారట. "ఆ పత్తి ఎవరు ఏరారు?" అని అడిగారట. ఆయనే 'బానిసలు' అని బోర్డు మీద రాశారట. "ఎవరి నడుము విరిగిందో చెప్పకపోతే అది చరిత్ర కాదర్రా, అడ్వర్టైజ్‌మెంటు" అన్నారట. ఆ మాటను మా అమ్మాయి అన్నం తింటూ నాకు అప్పగించింది. నేను అన్న ఏ మాటనైనా అది ఎవరికైనా అప్పగించిందా అని ఆ రాత్రి పడుకోబోతూ ఆలోచించాను. గుర్తుకు రాలేదు.

అసలు మంట మొదలైంది తాళాల పాఠంతో. ఒకే రకానివి నాలుగు పాత తలుపు తాళాలు విప్పి, ముక్కలన్నీ ఒక పళ్లెంలో పోసి కలిపేసి, మళ్లీ నాలుగు తాళాలు బిగించమన్నారు. పూర్వం ఒక తాళం ముక్క ఇంకోదాంట్లో ఇమిడేది కాదు. ఏ ముక్కైనా ఎక్కడైనా సరిపోయేలా చేయడం నేర్చుకున్నాకే ఈ దేశపు ఫ్యాక్టరీలు పరుగందుకున్నాయి. అదీ పాఠం.

ఇంటికి వస్తూనే మా అమ్మాయి గంతులేసింది. "నాన్నా, డిడ్ యూ నో? ఎనీ పీస్ ఫిట్స్ ఎనీ లాక్!"

"తెలుసమ్మా. కారు తలుపు తాళాల ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తున్నాయా అని చూడటమే కదా పదిహేనేళ్లుగా నా ఉద్యోగం!"

"రియల్లీ? యూ సెడ్ యూ డూ మీటింగ్స్."

ఆయనతో గలగలా తెలుగు, నాతో ఇంగ్లీషు. కన్నది నేను, కబుర్లు ఆయనకి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి బడి కమిటీకి పేరు పెట్టకుండా ఒక ఈమెయిల్ కొట్టాను. తెలుగు బడిలో తెలుగు చెప్పాలి గానీ ఈ మరలూ గిరకలూ ఏమిటని ఆరు పాయింట్లు రాశాను. కమిటీవాళ్లు మాస్టారి చేతిలో వాచకం పెట్టారు. ఆయన మారుమాట లేకుండా రెండు వారాలు గుణింతాలు దిద్దించారు. మూడో వారం మా అమ్మాయి బడికి రానంది. తర్వాత ఇంట్లో మాట్లాడే ఆ కాస్త తెలుగూ మానేసింది. "అన్నం పెట్టు" కూడా ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. ఆ ఈమెయిల్ నాదని దానికి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. చదవగలదు, ఆయన నేర్పారుగా.

తప్పు ఒప్పుకుందామని ఒక శనివారం మాస్టారింటికి వెళ్లాను. గ్యారేజీలో ఏదో ఇనపముక్కను ఆకురాయితో అరగదీస్తున్నారు. నేను నోరు తెరవకముందే అన్నారు: "ఆ ఈమెయిల్ నీదేగా? ఫిర్యాదుకి కూడా నంబర్లేసి, నాలుగో పాయింటుకి మళ్లీ ఎ, బి అని పెట్టావు. ఇంజనీరు కాకపోతే ఎవడు రాస్తాడోయ్ అలాగ?"

నేను తలొంచుకున్నాను. "కుళ్ళు మాస్టారూ. ఓర్చుకోలేకపోయాను."

ఆయన ఆకురాయి పక్కన పెట్టి నవ్వారు. "కుళ్ళు మంచిదే. ఈ దేశం దేంతో పైకొచ్చిందనుకున్నావు? ఇంగ్లండు మిల్లుల్ని చూసి ఓర్వలేక! మర నమూనా బయటికి ససేమిరా ఇవ్వం అని వాళ్లంటే, చూసి బుర్రలో పెట్టుకుని వచ్చి ఇక్కడ కట్టారు. నువ్వూ వచ్చి వెనక బెంచీలో కూర్చో. చూసి నేర్చుకో. నేనేం తలుపులు వేసుకోను."

నేనే కమిటీతో మాట్లాడాను. మరలు మళ్లీ తిరిగాయి, మా అమ్మాయి మళ్లీ బడికి వెళ్లింది. నేను ఏడాదిపాటు వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో, తప్పు చెప్పిన పిల్లవాడిని కూడా "అదీ ఒక దారే" అని ఎలా లేవనెత్తుతారో అన్నీ గమనించి నోట్సు రాసుకున్నాను. ఇంటికొచ్చి రైలు పట్టాల కథ నేను చెప్పబోతే మా అమ్మాయి సగంలోనే ఆవలించింది. "మాస్టారు చెప్తాడు బెటర్" అంది. చెప్తారు అనాలి అని దిద్దాను. నాకు మిగిలింది అంతే.

ఆయన లేరు కాబట్టి కుళ్ళు తగ్గిందని రాస్తే అబద్ధం. తగ్గలేదు. కానీ మా ఇంట్లో ఈరోజు తెలుగు వినిపిస్తోందంటే అది ఆయన పెట్టిన భిక్ష. అసూయపడుతూనే దణ్ణం పెడుతున్నాను.

అంత్యక్రియలు అయ్యాక కారులో ఇంటికి వస్తున్నాం. ఈమెయిల్ సంగతి దారిలో నేనే చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో రైల్వే గేటు పడింది. పొడుగాటి గూడ్సు బండి. వెనక సీట్లో మా అమ్మాయి అద్దానికి తల ఆనించి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

మా నాయనమ్మ మానికతో బియ్యం కొలిచేటప్పుడు అలాగే అనేది. మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ మాట నలభై ఏళ్లుగా నా దగ్గర ఉంది. దీనికి ఇవ్వాలని ఒక్కనాడూ తోచలేదు.

"ఎవరు నేర్పారమ్మా?" అని అడగబోయి మానేశాను. బండి ఇంకా వస్తూనే ఉంది. ఇంజను ఆపేశాను. వెనక నుంచి దాని గొంతు, ఏడుపును మింగుకుంటూ, ఒక్క పెట్టె కూడా తప్పిపోకుండా: "ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై..."